గురువారం నాటి టీ

మా కాల్డర్‌విల్ పొలిమేరలో బోర్డు మీద జనాభా యాభై రెండు వేలని రాసి ఉంటుంది. అందులో సగం మంది కాలేజీ పిల్లలు, ప్రతి ఆగస్టులో కార్లలోంచి దిగుతారు, మే నెలలో మళ్ళీ అవే కార్లలో పరుపులు కుక్కుకుని పోతారు. మిగతా సగంలో ప్రొఫెసర్లున్నారు, ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారాల్లో మాత్రమే తలుపు తాళం తీసే పాత విద్యార్థులున్నారు, రైలు పట్టాలకి ఇవతల ప్లమ్ బాటమ్‌లో మేమున్నాం. మేం నల్లవాళ్ళం. ఆ మిగతావాళ్ళకి వండిపెడతాం, వాళ్ళ గడ్డి కోస్తాం, దొడ్లు కడుగుతాం. ఈ ఊళ్ళో నాకు ఒళ్ళు మండే సంగతి ఒక్కటే. ఆ పిల్లలకి వయసు రాదు. నేను ముప్పై ఆరేళ్ళకి వంటింట్లో చేరినప్పుడు వాళ్ళకి పంతొమ్మిది. ఇప్పుడు నాకు యాభై తొమ్మిది, వాళ్ళకి ఇంకా పంతొమ్మిదే.

నేను పనిచేసేది మాగ్నోలియా వీధిలో, ఆరు తెల్ల స్తంభాల ఇంట్లో. గుమ్మం పైన మూడు గ్రీకు అక్షరాలుంటాయి. అది కాలేజీ అమ్మాయిల సంఘం. అందులో చేరినవాళ్ళు బతికినన్నాళ్ళూ అక్కచెల్లెళ్ళమంటారు. ఒకరి పెళ్ళిలో ఒకరు నిలబడతారు, ఒకరి మొగుడికి ఇంకొకరి నాన్న ఉద్యోగం ఇప్పిస్తాడు. ఆ ఇంటికి పెద్ద వంటమనిషి ఎర్నెస్టీన్ టూంబ్స్. పోయినేడు ఆగస్టు నాటికి ముప్పై నాలుగేళ్ళ నించి ఆవిడే. ఆవిడ కింద నేను ఇరవై రెండేళ్ళ నించి. తరగడం, తోమడం, పెద్దగదిలోకి ఐసు టీ మోసుకెళ్ళి పోయడం నా పని. అమ్మాయిలు ఆవిడని టీనమ్మా అంటారు, మెడకి వేలాడతారు, పెళ్ళిళ్ళయ్యాక పిల్లల ఫొటోలు పంపుతారు. నన్ను మిస్ లొరీతా అంటారు. అదీ పేరు గుర్తున్నవాళ్ళు.

ఎర్నెస్టీన్ మనవరాలు కెజియా. కూతురి కూతురు. ఆ కూతురు మెంఫిస్‌లో ఎవడితోనో ఉంటుంది, పిల్లని మాత్రం ఆరో ఏట ఇక్కడ దింపి పోయింది. బడి అవగానే పిల్ల వెనక గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చేది, స్టీలు బల్ల దగ్గర ఎత్తుపీట మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. అమ్మాయిలు దానికి గోళ్ళ రంగు వేసేవాళ్ళు. ఏడేళ్ళప్పుడు మోకాళ్ళ కిందకి దిగే సంఘం చొక్కా ఒకటి తొడిగి, భుజాల మీద కూర్చోబెట్టుకుని ఫొటో తీసుకున్నారు. "పెద్దయ్యాక నువ్వు మాదానివే" అని చెప్పారు. ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి నడవలో తగిలించారు.

ఆ మాట చెప్పినవాళ్ళు నాలుగేళ్ళలో మర్చిపోయారు. అది మర్చిపోలేదు.

తెలివైన పిల్ల, అందులో అబద్ధం లేదు. ఇదే కాలేజీలో మంచి స్కాలర్‌షిప్ తెచ్చుకుంది. ఆ ఆగస్టులో సంఘాల ఎంపికల వారానికి పేరిచ్చింది. మా చర్చి ఆడవాళ్ళు ఊరుకోలేదు.

"మన పిల్లల సంఘాలున్నాయి కదే కాలేజీలో. వాళ్ళ స్తంభాల కొంపలో నీకేం పని?" అని అడిగింది మా పాటల బృందం పెద్దావిడ.

"ఆంటీ, నాకు చదవడం వచ్చింది ఆ ఇంట్లోనే. ఇంకెవరి తలుపు కొట్టమంటారు?" అంది కెజియా.

అబ్బో అనుకున్నాను. నా కూతురు షనెల్ హైవే పక్కన కోడి వేపుళ్ళ కొట్లో గంటల లెక్కన పనిచేస్తుంది. దాని ఫొటోకి ఎవరూ ఫ్రేము కట్టించలేదు. నాకు కుళ్ళుగా ఉండేది. ఇప్పుడు దాచిపెట్టి ఎవర్ని ఉద్ధరించాలి?

ఆ వారం ఊరంతా ఒకే రకం గౌన్లే. ఎండకి కరిగిపోతూ, చేతిలో చిన్న ఫ్యాన్లు పట్టుకుని వందల మంది పిల్లలు వీధిలో వరసకట్టి నిలబడతారు. తలుపు తెరవగానే లోపలున్నవాళ్ళు చప్పట్లు కొట్టి పాడతారు. కెజియా మొదటి రోజు వచ్చినప్పుడు ఎర్నెస్టీన్ పిండి చేతులతోనే పెద్దగది తలుపు సందులోంచి చూసింది.

"లొరీతా, చూడవే. ముందు గుమ్మంలోంచి వచ్చింది."

"చూశానులే అక్కా. బన్నులు మాడతాయి, రా."

"మాడనీ."

ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఆ మాట అనగా నేను వినలేదు.

రోజుకి కొంతమందిని తీసేస్తూ వస్తారు. కెజియాని తియ్యలేదు. రెండో రోజూ పిలిచారు, మూడో రోజూ పిలిచారు. నడవలో ఉన్న ఆ చిన్నప్పటి ఫొటో తెచ్చి ముందు గుమ్మం పక్కన బల్ల మీద పూలగుత్తి కింద పెట్టారు, వచ్చినవాళ్ళందరికీ కనపడేలా. ఎర్నెస్టీన్ అటు వెళ్ళినప్పుడల్లా దాని అద్దం కొంగుతో తుడిచొచ్చేది. కొంగంటే, మా ఏప్రను కొంగే.

బుధవారం హౌస్ మదర్ మిస్ కారొలిన్ వంటింట్లోకొచ్చింది. ఆవిడ ఆ ఇంటి పెత్తనం చూసే తెల్లావిడ, అరవై దాటింది, గొంతు ఎప్పుడూ పైకి లేవదు.

"ఎర్నెస్టీన్, నీకు చెప్పక తప్పదమ్మా. ఇక్కడ పనిచేసేవాళ్ళ చుట్టాలు సభ్యులుగా ఉండకూడదని రూలొకటుంది. నేను పెట్టింది కాదు, ఎప్పటిదో."

"నేను పనిచెయ్యకపోతేనో, మిస్ కారొలిన్?"

"నువ్వు లేని ఇల్లు నేను ఊహించుకోలేను."

"అయినా, నేను లేననుకోండి."

"అప్పుడిక ఆ రూలుతో పనేముంది?" అని నవ్వి, బల్ల మీది చీజు బిస్కెట్టొకటి తీసుకుని వెళ్ళిపోయింది.

ఎర్నెస్టీన్ చాలాసేపు పిండి పిసుకుతూనే ఉంది. ఆ తర్వాత నన్ను కూరలూ పళ్ళూ నిలవుంచే చల్లగదిలోకి లాక్కెళ్ళింది. చల్లగదిలో మాట్లాడితే బయటికి వినపడదు, మా వంటింటి రహస్యాలన్నీ అక్కడే పుచ్చకాయల మధ్య నడుస్తాయి.

"నేను మానేస్తే దానికి అడ్డం తొలుగుతుంది. శుక్రవారం ఉత్తరం ఇచ్చేస్తాను."

"ముప్పై నాలుగేళ్ళక్కా. ఇంకా నాలుగేళ్ళు చెయ్యాలని నువ్వే అన్నావు."

"అన్నాను. పిల్ల వేరే ఏ ఇంటి పేరూ రాయనని కూర్చుంది. ఏ ఇల్లు కావాలో రాసిచ్చే చివరి కార్డు మీద ఇదొక్కటే రాస్తుందట. ఇక్కడ రాకపోతే ఇంకెక్కడా రాదు." నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ చేతులు ఆ చలిలోనూ వెచ్చగా ఉన్నాయి. "రేపు మధ్యాహ్నం వాళ్ళు కూర్చుని తేల్చుకుంటారు. టీ నువ్వే పోస్తావుగా. నీ చెవిన ఏం పడ్డా నాకు చెప్పవే. వాళ్ళు దాన్ని వద్దనుకుంటే నేను ఉత్తరం ఇవ్వను. అంతే."

"చెప్తాలే" అన్నాను.

గురువారం మధ్యాహ్నం పెద్దగదిలో అందరూ నేలమీద కూర్చున్నారు. నేను రెండు కూజాలతో లోపలికెళ్ళాను. నన్ను చూసి ఎవరూ మాట ఆపలేదు. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ ఆపలేదు. ఫ్యాను తిరుగుతోందని మాట ఆపరు కదా, అలాగే.

ఎంపికల బాధ్యత ఆన్‌స్లీ అనే పిల్లది. బంగారు రంగు జుట్టు, సన్నటి గొంతు, రోజూ నాకు గుడ్ మార్నింగ్ చెప్పే పిల్ల. ఒక్కొక్క కాగితం తీసి చదువుతోంది. ఆ కాగితాల్లో ఒక గడి ఉంటుంది. ఈ ఇంట్లో మీ అమ్మగాని, అమ్మమ్మగాని, అక్కగాని ఉండేవారా, ఎన్నేళ్ళు, అని. అలా ఉన్నవాళ్ళ పిల్లలకి ముందు పీట.

"కెజియా టూంబ్స్" అని చదివింది ఆన్‌స్లీ. "బంధుత్వం: అమ్మమ్మ. ముప్పై నాలుగేళ్ళు."

వెనక వరసలో ఎవరో పిల్ల కిసుక్కుమంది. ఇంకెవరో "అయ్యో పాపం, ఎంత ముద్దుగా రాసిందో" అంది. అప్పుడు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, చంటిపిల్ల బూట్లు తారుమారుగా వేసుకొస్తే నవ్వినట్టు నవ్వారు.

"నాకు తనంటే చాలా ఇష్టం" అంది ఆన్‌స్లీ. "కానీ టీనమ్మ సంగతి ఆలోచించండి. సొంత మనవరాలి ముందు కంచం పెట్టాలి. ఆవిడకెంత ఇబ్బంది!"

"టీనమ్మని అలా బాధపెట్టలేం" అంది ఇంకో పిల్ల.

"మరి ఆ ఫొటో?"

"ఫొటో ఉండనీ. అందరికీ నచ్చింది కదా."

"ఆదివారం దాకా ఎవరూ బయట పెట్టకండి. టీనమ్మ పనిలో ఉంది, పాపం."

రంగు మాట ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తరు. ఈ పిల్లల్ని బాగా పెంచుతారు. వద్దనేవాళ్ళని చేతులెత్తమన్నారు, ఎత్తారు. నేను కుర్చీ పక్క గ్లాసు నింపుతున్నాను. ఆన్‌స్లీ తలెత్తి "థాంక్యూ మిస్ లొరీతా" అంది, కాగితాన్ని కుడిపక్క దొంతి మీద బోర్లా పెట్టింది.

వంటింట్లోకి వచ్చేసరికి ఎర్నెస్టీన్ పొయ్యి దగ్గర నా మొహమే చూస్తోంది.

"ఏమన్నారే?"

ఒక్క ముక్క. వద్దన్నారక్కా, అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ దానికన్నా ముందు ఇంకోటి వచ్చింది. పొయ్యి దగ్గరి ఆ చోటు, ఇరవై రెండేళ్ళు ఆవిడ వెనక నిలబడి చూసిన ఆ చోటు. ఆవిడ ఉత్తరం ఇస్తే అది నాది. ఇవ్వకపోతే ఇంకో నాలుగేళ్ళు గిన్నెలే. అప్పటికి నా మోకాళ్ళు ఉంటాయో ఊడతాయో.

"ఏముంది, ఫుట్‌బాల్ గురించీ గౌన్ల గురించీ వాగుతున్నారు. మన పిల్ల మాట రాలేదు" అన్నాను.

"రాకపోతే మంచిదేగా?"

"మంచిదే."

శుక్రవారం పొద్దున ఆవిడ ఉత్తరం తెచ్చి నాకిచ్చింది. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయిందట, తప్పులున్నాయేమో చూడమంది. నీలం సిరాతో, నిలువు అక్షరాలతో రాసింది. ఈ ఇల్లు నన్ను ఎంతో ఆదరించింది, నా మనవరాలు మీ చెల్లెలు కాబోతున్నందుకు దేవుడికి కృతజ్ఞతలు, అడ్డుగా ఉండటం నాకిష్టం లేదు, అని ఉంది. నేను మొత్తం చదివాను. ఇంకోసారి చదివాను. అప్పుడైనా చింపేసి ఉండొచ్చు.

"బాగుందక్కా. తప్పుల్లేవు" అని మడిచి చేతికిచ్చాను.

మిస్ కారొలిన్ ఉత్తరం చదివి ఎర్నెస్టీన్‌ని కౌగలించుకుంది. ఏడ్చింది కూడా. ఆవిడ కాదనలేదు, కొన్నాళ్ళు ఆగమననూ లేదు. ఆదివారం వీడ్కోలుకి కేకు తెప్పిస్తానంది. కేకు మీద ఏ పువ్వులు కావాలని అడిగింది.

ఆదివారం కార్డులిచ్చే రోజు. స్టేడియం గడ్డి మీద అమ్మాయిలందర్నీ కూర్చోబెట్టి కవర్లిస్తారు. ఒకేసారి చింపుతారు, కేకలు పెట్టుకుంటూ ఎవరింటికి వాళ్ళు పరుగెత్తుకొస్తారు. అసలు ఏ ఇల్లూ దొరకని పిల్లలకి మాత్రం స్టేడియందాకా రానక్కర్లేకుండా ఎనిమిదింటికే ఫోను చేస్తారు. ఆ రోజు మా ఫోన్లు అల్మరాలో పెట్టి తాళం వేస్తారు, వంటింట్లో ఎవరూ ఫొటోలు తియ్యకూడదని.

పదకొండుకి వెనక గుమ్మం చప్పుడైంది. తలుపు తీస్తే కెజియా. తెల్లగౌను వేసుకునే ఉంది. ఎనిమిదింటికి ఫోనొచ్చాక కూడా విప్పలేదన్నమాట.

"అమ్మమ్మేది ఆంటీ? ఫోనెత్తట్లేదు."

"ముందు వసారాలో ఉంది. నీకోసం చూస్తోంది."

"ఎవరూ చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?" అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.

"నన్ను తీసుకోలేదు." ఏడవలేదు. స్టీలు బల్ల దగ్గరికెళ్ళి ఎప్పటి ఎత్తుపీట మీదే కూర్చుంది, ఇప్పుడు కాళ్ళు నేలకి ఆనతాయి. "పోనీలే. అమ్మమ్మకి పనైనా ఉంది. కలిసి ఇంటికెళ్తాం."

"మీ అమ్మమ్మ పని మానేసింది పిల్లా. నీకోసం. మొన్న శుక్రవారం."

దానికి తెలియదు. ఎర్నెస్టీన్ కార్డు వచ్చాక చెబుదామనుకుంది. "నేనడగలేదు కదా, నేనడగలేదు కదా" అని రెండుసార్లంది కెజియా. నేను నిమ్మరసం పళ్ళెం తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయాను. పిల్ల వంటింట్లో కూర్చుందని ఎర్నెస్టీన్‌కి చెప్పడం ఎంతసేపు? పక్కనే నిలబడ్డాను, చెప్పలేదు. ఒకసారి నోరు మూసుకున్నాక రెండోసారి సుళువే.

ఆవిడ కొత్త ఏప్రను కట్టుకుంది. చేతిలో బన్నుల పళ్ళెం. వీధి చివర కేకలు మొదలయ్యాయి. అమ్మాయిలు గుంపుగా గడ్డి మీంచి పరుగెత్తుకొచ్చారు, ఏడుస్తూ, నవ్వుతూ, ఒకళ్ళమీద ఒకళ్ళు పడుతూ. ఎర్నెస్టీన్ ఒక్కొక్క మొహం చూసింది. ఒక్కటీ వదల్లేదు. గుంపు పల్చబడింది. చెప్పు తెగిన పిల్లొకతె కుంటుకుంటూ చివరికొచ్చింది. ఆ పిల్ల వెనక ఖాళీ గడ్డి. ఎర్నెస్టీన్ ఆ ఖాళీ గడ్డి వైపు కూడా చూస్తూనే ఉంది.

ఆన్‌స్లీ వచ్చి ఆవిడ మెడ చుట్టూ చేతులేసింది.

"టీనమ్మా, మేమంతా ఎంత ఏడ్చామో! నీకోసమే చేశాం. సొంత పిల్లకి నువ్వు వడ్డించాల్సి రాకూడదని."

"నేను మానేశాను కదమ్మా. ఉత్తరం ఇచ్చాను. ఈ రోజే ఆఖరు."

"అవును, విన్నాను, నమ్మలేకపోయా! కానీ మేం గురువారమే చేతులెత్తి తేల్చేశాం కదా. నీ ఉత్తరం శుక్రవారం కదా వచ్చింది."

"గురువారం" అంది ఎర్నెస్టీన్.

"బన్ను తీసుకోనా?" అని ఆన్‌స్లీ ఒకటి తీసుకుని, వచ్చినవాళ్ళ దగ్గరికి పరుగెత్తింది.

ఎర్నెస్టీన్ పళ్ళెం పట్టుకుని ఇంట్లోంచి నడిచి వంటింట్లోకి వచ్చింది. నేను వెనకే వచ్చాను. ఎత్తుపీట మీద తెల్లగౌనులో మనవరాలు. ఎర్నెస్టీన్ పళ్ళెం దించింది, పిల్ల తలమీద చెయ్యి వేసింది, ఆ చెయ్యి తియ్యకుండానే నావైపు తిరిగింది.

"ఫుట్‌బాల్ గురించన్నావే?"

నేను నీళ్ళ కుళాయి తిప్పాను.

"కుళాయి కట్టెయ్ లొరీతా. నిన్నేం అనను. గౌన్ల గురించీ అన్నావు, కదూ?"

"అక్కా..."

"ఉత్తరంలో తప్పుల్లేవన్నావు."

ఏప్రను విప్పి మడతపెట్టి పొయ్యి పక్కన, నా చేతికి అందేలా పెట్టింది. అప్పడాల కర్రలాంటి తన పిండి కర్ర ఒక్కటే కడిగి తుడిచి సంచిలో వేసుకుంది. పిల్లని లేవదీసి వెనక గుమ్మం వైపు ఒక అడుగు వేసింది. ఆగింది. పిల్ల చెయ్యి పట్టుకుని నడవలోంచి, అరుస్తున్న గుంపు మధ్యలోంచి, ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోయింది. వాళ్ళెవరో కొత్తపిల్లలకి తెలియదు. పక్కకి జరిగి దారిచ్చారు. కేకు మేమే తిన్నాం.

ఏడాదయింది. కెజియా అట్లాంటాలో మా నల్లవాళ్ళ కాలేజీకి మారింది. ఎర్నెస్టీన్ ప్లమ్ బాటమ్‌లోనే ఉంది, చర్చిలో మూడో వరసలో కూర్చుంటుంది. చేతులు కలుపుకునే వేళ అందరితో పాటు నా చేతిని కూడా పట్టుకుంటుంది. "దేవుడు నిన్ను దీవించుగాక చెల్లీ" అంటుంది. ఆ చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంటుంది. తిట్టినా బాగుండును. ఇంటికొచ్చి షనెల్‌తో చెబుతాను, ముసలిది నన్ను కావాలనే చంపుతోందని.

ఇప్పుడు పొయ్యి దగ్గర నేనే. మొన్న ఆగస్టులో కొత్త బ్యాచ్ వచ్చింది. ఆ ఫొటో మళ్ళీ గుమ్మం పక్కన పూల కింద పెట్టారు, నేనే తుడుస్తాను. మొన్న మధ్యాహ్నం, పోయినేడు చేరిన పిల్లొకతె వంటింటి తలుపు దగ్గరికొచ్చి బన్ను నోట్లో పెట్టుకుని ఆనందంగా కళ్ళు మూసుకుంది.

"రుచి అస్సలు మారలేదు, టీనమ్మా!" అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"ఇంకోటి తీసుకో తల్లీ" అన్నాను.